చూసే పిల్ల

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి కొట్టు మూయడమంటే సమాసోని లెక్కలో నష్టమే. ఆడవాళ్లు బడి వదిలిన పిల్లల్ని కారెక్కించుకుని, దారిలో ఆగి రాత్రి వంటకి చేమదుంపలు పట్టుకెళ్లే వేళ అది. కాని ఆ వారం నుంచి భార్య ఎసెతకి ఆస్పత్రి లాండ్రీలో షిఫ్టు మారింది. పొద్దున కూతుర్ని కిండర్‌గార్టెన్‌లో దింపడం ఆమె వంతు, తీసుకురావడం భర్త వంతు అయింది. సమాసోని చేతులకంటిన దుంపల జిగురు కడుక్కుని, 'అరగంటలో వస్తాను' అని అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించి బయల్దేరాడు. సమోవా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే మాంగెరె పేటలో ఆ వీధి వాళ్లందరికీ అతని అరగంట సంగతి తెలుసు. గంట దాటితేగాని ఎవరూ తిరిగి రారు.

కిండర్‌గార్టెన్ తలుపు పక్కన గోడ నిండా ఆకుపచ్చ ఉన్ని దారాలు వేలాడుతున్నాయి. ఒక్కో దారం పైన ఒక్కో పిల్ల ఫొటో, పేరు. దారాలకి కాగితం పూలు అతికించి ఉన్నాయి. 'ఇంటి నుంచి వచ్చిన ప్రతి మాటకీ ఒక పువ్వు' అని పైన పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. సరుకు కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేడు సమాసోని. దారాలు ఇరవై ఎనిమిది. లియో అనే కుర్రాడి దారానికి పదకొండు పూలు. తక్కినవాళ్లకి నాలుగు, ఆరు, ఏడు. తన కూతురు ఫేతు దారం మాత్రం ఉత్త దారమే.

ఊడిపడిందేమోనని కింద చూశాడు. చెప్పుల బల్ల కింద కూడా వంగి చూశాడు. నేల శుభ్రంగా ఉంది.

లోపల ఫేతు బల్ల పక్కన నిలబడి ఉంది. నలుగురు పిల్లలు బల్ల మీద బొమ్మముక్కలు కలుపుతున్నారు. ఫేతు రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, కొట్లో తండ్రి బేరం చూసినట్టే, మెడ మాత్రం ముందుకి చాచి చూస్తోంది.

"ఫేతు నాన్నగారా మీరు?" కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న ఒకావిడ దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. "నేను బ్రొన్విన్ని. ఇన్నాళ్లూ ఎసెతనే చూశాను. అదీ తలుపు దగ్గర, పరుగులో."

"నమస్తే టీచరుగారూ. ఆ గోడ..."

"అదా? పిల్లల గురించి మేం రాసే పుస్తకం ఇంటికి పంపుతాం కదా. చదివి, ఇంట్లోవాళ్లు కూడా రెండు ముక్కలు రాసి శుక్రవారం తిరిగి పంపితే ఒక పువ్వు. ఫేతు పుస్తకం వెళ్లి ఏడు వారాలైంది." ఆవిడ గొంతు తగ్గించింది. "పోయిందా? పోతే చెప్పండి, ఏం పర్లేదు. ఇంకోటి తయారుచేద్దాం."

"పోవడమా?" అన్నాడు సమాసోని. మా ఇంట్లోనా, అన్న ముక్క మింగేశాడు. "ఉంది."

"సరే, మంచిది." ఆ 'మంచిది'లో నమ్మకం లేదని అతనికి తెలిసిపోయింది. "ఇంకో మాట. ఫేతు ఇక్కడ దాదాపు మాట్లాడదు. దేన్నీ ముట్టుకోదు. ఇంట్లో మాట్లాడుతుందా?"

పోర్టులో ఓడ దిగే తన దుంపల సరుకు గురించి గంటసేపు చెప్పగలడు సమాసోని. కాని ఇది సరుకు కాదు, సొంత పిల్ల. పెద్దవాళ్ల ముందు, అందులోనూ టీచరు ముందు, సొంత పిల్లని పొగుడుకునేవాణ్ణి అతని ఊళ్లో చిన్న పిల్లలు కూడా వెక్కిరిస్తారు. తల వంచుకుని, "ఏదో, కొంచెం" అన్నాడు.

బ్రొన్విన్ చేతిలో చిన్న పుస్తకం తెరిచి ఏదో రాసుకుంది. తర్వాత ఒక కాగితం తీసి, అడుగున ఒక వాక్యం రాసి ఇచ్చింది. మాటలు రాని పిల్లలకి సాయం చేసే టీచరొకావిడ ఉందట. ఫేతు పేరు అక్కడికి పంపడానికి ఇంట్లోవాళ్ల సంతకం కావాలట. శుక్రవారం లోపల.

"సంతకం పెడితే?"

"మూడు నెలల్లో అయిదు నిండి పెద్ద బడికి వెళ్తుంది కదా. ఈ కాగితం కూడా వెంట వెళ్తుంది. అక్కడి టీచరు ముందే సిద్ధంగా ఉంటుంది."

సమాసోని కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఓడ సరుకు దిగేటప్పుడు ఎవడైనా పనికిరాదని ఒక సంచి మీద సుద్దతో అడ్డగీత గీస్తే, ఇక ఆ సంచిని ఎవరూ విప్పి చూడరు. లోపల ఏముందన్నది గీత గీసినవాడు కూడా మర్చిపోతాడు. గీత ముందు వెళ్తుంది, సంచి తర్వాత వెళ్తుంది.

కారులో బెల్టు పెట్టేలోపే ఫేతు మొదలుపెట్టింది. "నాన్నా, లియో ఏడ్చాడు. ఎందుకో తెలుసా? మీసాల పిల్లి ముక్క వాడే జేబులో పెట్టుకుని, పోయిందని ఏడ్చాడు. నేను చూశాను. బ్రొన్విన్ కళ్లజోడు మెడలో పెట్టుకుని కళ్లజోడు ఎక్కడా అని వెతికింది. అది కూడా చూశాను. ఆకలేస్తోంది. మనం ఈ వీధిలో ఎందుకెళ్తున్నాం, అమ్మ ఆ వీధిలో వెళ్తుంది. నాన్నా, నాకు పువ్వెందుకు లేదు?"

ఏదో కొంచెం అన్న తన మాట సమాసోని చెవిలో మళ్లీ వినబడింది.

"వస్తుంది."

"ఎప్పుడు?"

గడువు చెప్పకుండా బేరం ముగించడం అతనికి అలవాటు లేదు. "ఈ వారంలో" అన్నాడు.

సాయంత్రం ఆరింటికి ఇంట్లో ప్రార్థన. సమాసోని తల్లి తౌసంగ టీవీ కట్టేసి చాప మీద కూర్చుందంటే మొదలైనట్టే. ఒక కీర్తన, బైబిల్లో ఒక అధ్యాయం, ఒక ప్రార్థన. ఏడు వారాలుగా దానికి నాలుగోది కలిసింది. తౌసంగ లేచి చేతులు కడుక్కుని తుడుచుకుని, గాజు బీరువాలో బైబిలు పక్కనున్న తెల్ల లేసుగుడ్డ మూటని రెండు చేతులతో తీసుకొస్తుంది. అందులో ఫేతు పుస్తకం ఉంటుంది. ఎసెత దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు సమోవా మాటల్లోకి మార్చి చదువుతుంది. ఉన్నవి మూడు పేజీలే. రోజుకొకటి.

ఆ రోజు మొదటి పేజీ వంతు.

"'ఫేతూ, ఈ ఉదయం నువ్వు బల్ల పక్కన నిలబడి, అందరూ చేసేది చాలాసేపు చూశావు. నీ చేతులు వీపు వెనక ఉన్నాయి. నువ్వు తొందరపడలేదు. గంట కొట్టేదాకా చూశావు. రేపు నువ్వేం ఎంచుకుంటావో చూడాలని మాకు చాలా ఆత్రంగా ఉంది.'"

"చేతులు వీపు వెనక అన్నది మళ్లీ చదువు" అంది తౌసంగ.

ఎసెత మళ్లీ చదివింది.

"విన్నారా? మా అమ్మమ్మ దగ్గర చాప అల్లిక నేర్చుకుందామని వెళ్తే, ఏడాది పాటు ఆకు ముట్టనివ్వలేదు నన్ను. చేతులు వెనక్కి పెట్టుకో, కళ్లు ముందుకి పెట్టు, అనేది. ఈ పిల్లకి ఎవరూ చెప్పకుండానే వచ్చింది. ఆ టీచరుది మంచి కన్ను. లేకపోతే కనిపెట్టగలదా?" ఈ మాట ఆవిడ చెప్పడం ఇరవయ్యో సారి. సమోవాలో సవాయి దీవిలో ఉన్న తమ్ముడికి ఫోనులో చెప్పింది, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పింది, కొట్టుకొచ్చి కొబ్బరికాయలు ఏరుకునే అపరిచితురాలికి కూడా చెప్పింది.

మూట మళ్లీ కట్టబోతుంటే సమాసోని పెన్ను తీశాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఇటివ్వు. రాయాలి."

"ఎక్కడ?"

"ఇదిగో, మనకోసం ఖాళీ పేజీ వదిలారు."

"టీచరు మళ్లీ రాయడానికి వదిలింది అది. నీ కోసం ఎందుకు వదుల్తుంది? పాస్టరుగారు బైబిలు చేతికిచ్చి చదవరా అంటే, అంచున నీ అభిప్రాయం రాసిస్తావా?"

ఎసెత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"వాళ్లే రాయమన్నారమ్మా."

"మర్యాదకి అని ఉంటారు. తినండి అంటే గిన్నె ఊడ్చుకు తింటామా?" తౌసంగ లేసుగుడ్డ కొసలు ముడేసింది. "చేమదుంపల ధరలు రాసే చేత్తో టీచరు అక్షరాల పక్కన కెలికితే నేను చూస్తూ ఊరుకోను."

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక సమాసోని తనూ చేతులు కడుక్కుని బీరువా తెరిచాడు. ఆ పుస్తకాన్ని అతను ఎప్పుడూ చెవులతోనే విన్నాడు, కళ్లతో చదవలేదు. జేబులో మడతపెట్టిన కాగితం ఉండగా చదివితే అదే పుస్తకం వేరేగా ఉంది. మొదటి వారం చూశావు. రెండో వారం చూశావు. మూడో వారమూ చూశావు. రేపు ఏం ఎంచుకుంటావో చూడాలని ఆత్రంగా ఉంది.

ఈ ఆత్రం అతనికి తెలుసు. మర్యాదస్తులైన కొనుగోలుదార్లు దుంప కుళ్లిందని మొహం మీద చెప్పరు. పట్టుకు చూసి, బాగుందంటారు, మళ్లీ వచ్చినప్పుడు చూస్తామంటారు, వెళ్లిపోతారు.

ఎసెత గుమ్మంలో నిలబడి ఉంది. అతను కాగితం తీసి చూపించాడు. ఆమె చదివి, అతని చేతిలోని పుస్తకం వైపు చూసింది.

"నేను ఒక్క ముక్క కూడా కలపలేదు" అంది. "రాసింది రాసినట్టే చదివాను."

"తెలుసు."

"పొగుడుతున్నారనే అనుకున్నాను. మనకి అది పొగడ్తే కదా." కాగితం అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టింది. "ఇదేంటి? 'ఇంట్లో కూడా కొంచెమే మాట్లాడుతుందని తండ్రి చెప్పారు.' నువ్వు చెప్పావా ఇది?"

"అడిగితే... మరి ఏం చెప్పమంటావ్? మా పిల్ల ఆగదండీ, చెవులు చిల్లులు పడతాయండీ, అని డప్పు కొట్టుకోనా?"

"పులుసుకి పనికిరాని దుంపల్ని మహారాజుల విందుకి తగినవని అమ్మేస్తావ్. కన్న కూతురి దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా నీకు?"

సమాసోని కాగితాన్ని మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తూకం తప్పింది తన చేతిలోనే. తప్పిన తూకాన్ని సరిచేయాల్సింది కూడా తనే.

మంగళవారం పొద్దున అతను కొట్లో ఉన్న వాటిల్లో మేలైన చేమదుంపలు పన్నెండు ఏరాడు. ఒక్కోదాన్ని కోసిన వైపు బొటనవేలి గోటితో నొక్కి, గట్టిగా ఉంటేనే పక్కన పెట్టాడు. కాడల మొదళ్లు గులాబి రంగులో నిగనిగలాడేవి పైకి వచ్చేలా అట్టపెట్టెలో పేర్చి, మీద అరటాకు కప్పి, కిండర్‌గార్టెన్‌కి పట్టుకెళ్లాడు.

"ఇవన్నీ మాకా!" బ్రొన్విన్ నిజంగానే సంతోషించింది. తోటి టీచర్లని పిలిచింది. ఎలా ఉడికించాలో అడిగింది. బాగా ఉడక్కపోతే గొంతు దురదపెడుతుందని సమాసోని చెబితే కాగితం మీద రాసుకుంది. అయ్యాక అతను గోడ వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది.

"పువ్వు ఇంటి మాటకి, సమాసోని" అంది మెల్లిగా.

"ఇది మా ఇంటి మాటే టీచరుగారూ. మా ఊళ్లో బడికి ఇలాగే పంపేవాళ్లం. టీచరుకి అర్థమయ్యేది."

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించలేదు కూడా. అందుకు ఆవిడ మీద అతనికి కాస్త గౌరవం కలిగింది. ధైర్యం చేసి అన్నాడు: "నిన్న నేను చెప్పింది తప్పు. మా అమ్మాయి బాగా మాట్లాడుతుంది. అసలు ఆగదు."

"అలాగా? సంతోషం" అంది బ్రొన్విన్. ఆ కళ్లలో చూపు అతనికి బాగా తెలిసిన చూపే. నిన్నటి సరుకు అంతేలే, ఇవాళ్టిది చూడు, అని ఎవడైనా అమ్మడానికి వస్తే తను సరిగ్గా అలాగే చూస్తాడు. కాగితం గురించి తెలిశాక ఏ తండ్రయినా మాట మారుస్తాడు కదా.

మాటతో అయ్యే బేరం కాదిది. సంచి విప్పి గుమ్మరించాల్సిందే.

"గురువారం సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రండి. భోజనం అక్కడే. ఆ కాగితం శుభ్రంగా ఉన్నది ఇంకోటి పట్టుకురండి. నాది మడతలు పడింది. చూశాక మీరు పెట్టమంటే అక్కడే సంతకం పెడతాను."

బ్రొన్విన్ మెడలోని కళ్లజోడు తీసి పెట్టుకుని అతన్ని చూసింది. "వస్తాను" అంది.

టీచరు ఇంటికి వస్తోందనగానే తౌసంగకి వయసు పదేళ్లు తగ్గింది. బుధవారమంతా కిటికీలు తుడిపించింది. విశేషాలకే బయటికి తీసే, మంచం కింద చుట్టిపెట్టిన సన్నచాపని తీసి ఎండలో ఆరేసింది. గురువారం మధ్యాహ్నం చేమాకులు ముందేసుకుని కూర్చుని, ఒక్కో ఆకు మీద ఉల్లిపాయ ముక్కలు వేసి, చిక్కటి కొబ్బరిపాలు పోసి మడిచి, పైన రేకుకాగితంతో పొట్లం కట్టి ఉడకబెట్టింది. కోడిపులుసు, పచ్చి అరటికాయలు కొబ్బరిపాలల్లో. "ఆవిడ తినకపోతే?" అంది ఎసెత. "టీచరు తినకపోవడమేంటి? చదువుకున్నావిడ" అంది తౌసంగ.

కాగితం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. గురువారం ఓడ సరుకు దిగే రోజు. సమాసోని సగం సంచులు కొట్టు బయటే వదిలేసి, మీద టార్పాలిన్ కప్పి, ఇంటికొచ్చి స్నానం చేసి పూలచొక్కా తొడుక్కున్నాడు. జాలిపడి తల్లికి చెబుదామని రెండుసార్లు వంటింటి దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

బ్రొన్విన్ ఆరుకి అయిదు నిమిషాల ముందే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచింది. ఫేతు పరుగెత్తుకెళ్లి, "బ్రొన్విన్ వచ్చింది!" అని అరిచింది.

"అయ్యో రాత! టీచర్ని పేరు పెట్టి పిలుస్తావా?" తౌసంగ చెయ్యెత్తింది.

"అక్కడ అందరూ అలాగే పిలుస్తారు నానమ్మా!"

"అక్కడ అందరూ ఇంట్లో నానమ్మ లేనివాళ్లు!"

ఎసెత ఇది ఇంగ్లీషులో చెబితే బ్రొన్విన్ నవ్వింది. సన్నచాప మీద కూర్చుని, మోకాళ్లు నొప్పులేమో, రెండు కాళ్లూ ముందుకి చాపింది. తౌసంగ గబుక్కున లేచి ఒక పూలదుప్పటి తెచ్చి ఆ కాళ్ల మీద కప్పింది. ఏదో తప్పు చేశానని బ్రొన్విన్‌కి తెలిసింది, ఆ తప్పు కప్పబడిందనీ తెలిసింది. తల వంచి థాంక్స్ చెప్పింది.

కీర్తన మొదలైంది. తౌసంగ గొంతు కింద, ఎసెత గొంతు మీద, సమాసోని మధ్యలో. ఫేతు గొంతు అన్నిటినీ దాటి పోయింది. బ్రొన్విన్ తల తిప్పి పిల్ల వైపు చూసింది. అధ్యాయం అయింది, ప్రార్థన అయింది. తౌసంగ లేచి చేతులు కడుక్కుంది. గాజు బీరువా తెరిచి, తెల్ల మూట తెచ్చి, టీచరు ముందు చాప మీద పెట్టి ముడి విప్పింది.

పుస్తకం అట్ట మీద ఒక్క గీత లేదు. మూలలు నలగలేదు. ఏడు వారాల క్రితం బ్రొన్విన్ చేతి నుంచి వెళ్లినప్పుడు ఎలా ఉందో అలా ఉంది.

బ్రొన్విన్ చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. తన చేతులు కడుక్కోలేదని గుర్తొచ్చినట్టుంది.

"ఇవాళ ఎవరూ చదవక్కర్లేదు" అంది తౌసంగ. "ఫేతూ, లే."

ఆదివారం పిల్లలు చర్చిలో కంఠతవాక్యం చెప్పేటప్పుడు ఎలా నిలబడతారో అలా నిలబడింది ఫేతు. కాళ్లు దగ్గరికి పెట్టింది, చేతులు పక్కలకి ఆనించింది, గడ్డం పైకెత్తింది. చివరి వరసకి వినబడేంత గొంతుతో సమోవాలో మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకుంది. మధ్యలో ఒక చోట తడబడితే, నానమ్మ పెదాలు కదిపే లోపే తనే దిద్దుకుని ముందుకెళ్లింది. మూడు పేజీలూ. అయ్యాక తల వంచి, 'ఆమేన్' అని కూర్చుంది.

"ఎంత బాగా..." బ్రొన్విన్ ఎసెత వైపు తిరిగింది. "ఏ వాక్యం అది? బైబిల్లో ఎక్కడిది?"

"మీరు రాసిందే" అంది ఎసెత.

"నేనా?"

"'ఫేతూ, ఈ ఉదయం నువ్వు బల్ల పక్కన నిలబడి, అందరూ చేసేది చాలాసేపు చూశావు. నీ చేతులు వీపు వెనక ఉన్నాయి. నువ్వు తొందరపడలేదు.'" ఎసెత వరసగా చెప్పుకుపోయింది. బ్రొన్విన్ తను రాసిన మాటలు తనకే తిరిగొస్తుంటే వింటూ కూర్చుంది. వేళ్లు కళ్లజోడు తాడుని పట్టుకుని వదులుతున్నాయి. ఆత్రంగా ఉంది అన్న చోటికి వచ్చేసరికి తల దించుకుంది.

"అడగొచ్చా అని అత్తయ్య అంటున్నారు" అంది ఎసెత.

"అడగండి, అడగండి."

తౌసంగ ఏడు వారాలుగా దాచుకున్నవి ఒక్కొక్కటే బయటికి తీసింది. మొదటి పేజీలో 'అందరూ' అని రాశారు, ఆ అందరూ ఎవరు? ఏ వైపు నిలబడి చూసింది, కుడి చేతివాటం పిల్లల వైపా, ఎడమ చేతివాటం వాళ్ల వైపా? బ్రొన్విన్ కొన్ని చెప్పింది, కొన్నింటికి తెలియదంది. తెలియదన్న ప్రతిసారీ తౌసంగ పర్లేదన్నట్టు తలూపింది.

"మూడో పేజీలో కూడా, రేపు ఏం ఎంచుకుంటావో అని రాసి ఆపేశారు. తర్వాత పేజీ లేదు. రోజూ ఇక్కడికొచ్చి ఆగిపోతున్నాం మేము. ఆ రేపు ఏమైంది?"

బ్రొన్విన్ ఫేతుని చూసింది. "నాకు తెలియదు" అంది. "మర్నాడు నేను అటు చూడలేదు."

"చేశాను" అంది ఫేతు సమోవాలో, అరటికాయ ముక్క వైపు చూస్తూ. "అందరూ బయటికి ఆడుకోడానికి వెళ్లాక చేశాను. పిల్లిదీ, ఓడదీ, ఏనుగుదీ. అన్నీ కలిపి, మళ్లీ విప్పి డబ్బాలో సర్దేశాను. ఓడ డబ్బాలో ఏనుగు ముక్కలు పెడతాడు లియో. నేను రోజూ తీసి సరిగ్గా పెడతాను."

ఎసెత చెప్పింది. బ్రొన్విన్ మళ్లీ ఫేతు వైపు తిరిగింది.

"డబ్బాలు సర్ది ఉండేవి" అంది మెల్లిగా, తనతోనే అనుకున్నట్టు. "నెల రోజుల నుంచి. మా తోటి టీచరు సర్దుతోందనుకున్నాను. ఆవిడ నేను సర్దుతున్నాననుకుందట."

ఇప్పుడు ఊరుకుంటే సమాసోనికి మంచిదే, బ్రొన్విన్‌కీ మంచిదే. కాగితం సంచిలోనే ఉండిపోతుంది, అమ్మకి ఎప్పటికీ తెలియదు. కాని సగం సంచి చూపించి అమ్మినవాడి బేరం ఎప్పుడో ఒకప్పుడు తిరగబడుతుంది. "టీచరుగారూ, ఆ కాగితం తీయండి" అన్నాడు సమాసోని.

"అవసరం లేదు..."

"ఉంది. తీయండి."

అతను కాగితం అందుకుని, తల్లి పక్కన కూర్చుని, పై నుంచి కింది దాకా సమోవాలో చదివాడు. పిల్ల మాట్లాడదని రాసింది, ముట్టదని రాసింది, పుస్తకం తిరిగి రాలేదని రాసింది. తండ్రి 'కొంచెం' అన్నాడన్న వాక్యాన్ని కూడా వదల్లేదు. అక్కడ మాత్రం తౌసంగ కొడుకు చెవి పట్టుకుని మెలిపెట్టి వదిలింది. నలభై ఏళ్లవాడు కిమ్మనలేదు.

చదవడం అయింది. వంటింట్లో మూత మీద ఆవిరి చప్పుడు వినిపిస్తోంది. బ్రొన్విన్ దుప్పటి అంచు సరిచేసుకుంది. 

తౌసంగ ఆవిడ వైపు తిరిగింది. "ఇది రాయడానికి ముందు మీరు పిల్లని ఎన్నాళ్లు చూశారు?"

"మూడు వారాలు."

"నిలబడా?"

"అవును. గది అవతలి నుంచి."

"తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు?"

"లేదు. ముందు బాగా చూడాలని..."

తౌసంగ తొడ మీద చరుచుకుంది. "మూడు వారాలు చూసి, దేన్నీ ముట్టకుండా, చివర్న కాగితం పట్టుకున్నారు! మా ఫేతు మీ శిష్యురాలే. ఇంకెవరి దగ్గర నేర్చుకుంటుంది?"

ఎసెత ఇది చెప్పడం పూర్తికాకముందే బ్రొన్విన్ నవ్వింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"తిందాం, చల్లారిపోతాయి" అంది తౌసంగ. పొట్లం విప్పి, పాలు ఇంకిన చేమాకుల ముద్దని మొదట టీచరు పళ్లెంలోనే పెట్టింది. బ్రొన్విన్ రెండోసారి అడిగి వేయించుకుంది. తౌసంగ కోడలి వైపు ఒక చూపు చూసింది.

భోజనాలయ్యాక సమాసోని ఆవిడని కారు దాకా సాగనంపాడు. అతని చేతిలో కోడిపులుసు గిన్నె, అరటికాయలు కలిపి రేకుకాగితంలో చుట్టిన మూట ఉంది. వీధి లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి. బ్రొన్విన్ తలుపు తీసి, ఎక్కకుండా నిలబడింది.

"ఆ పేజీల్లో నేను పొగడలేదు. మీకు తెలుసు కదా?"

"సోమవారం తెలిసింది."

"మరి మీ అమ్మగారికి ఇవాళ కాగితం చదివి వినిపించారు గాని, ఆ పేజీలు పొగడ్త కాదని చెప్పలేదే?"

సమాసోని మూటని కారు సీటులో ఒలకకుండా కుదురుగా పెట్టాడు. "ఏం చెప్పాలి టీచరుగారూ? మీరు రాసిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. సరుకు మీదే. ధర మాత్రం మా అమ్మ కట్టింది."

 బ్రొన్విన్ సంచిలోంచి అతను తిరిగిచ్చిన కాగితం తీసి, సంతకం చేయాల్సిన చోట చూసి, సంతకం అడక్కుండానే మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"రేపు పుస్తకం పంపుతాను" అన్నాడు సమాసోని. "ఏడు వారాలు ఉంచుకోకూడదని మాకు తెలియదు."

"వద్దు. అక్కడే ఉండనివ్వండి, ఆ బీరువాలోనే." ఆవిడ కారెక్కి బెల్టు పెట్టుకుంది. "నాలుగో పేజీ రాయాలి కదా. నేనే వస్తాను రాయడానికి. మీ అమ్మగారు అడిగే ప్రశ్నలకి జవాబులు కూడా పట్టుకొస్తాను. వచ్చే గురువారం?"

"గురువారం వద్దు, ఓడ సరుకు దిగుతుంది" అన్నాడు సమాసోని. "బుధవారం రండి. వచ్చేటప్పుడు ఆకలితో రండి."